సబ్బు రుచి చూసే సిస్టర్

“ఇందులో కాస్టిక్ సోడా ఏ కాస్త మిగిలిపోయినా నా బిడ్డ ఒళ్ళు కాలిపోదూ?”

ఆమె ఆ మాట అడిగింది ఒక గోడని. ఆ గోడలో నడుమెత్తున, నిలువుగా నిలబెట్టిన పీపాలాంటి చెక్క అర ఒకటుంది. దానికి ఒక పక్కే తెరిచి ఉంటుంది. బయటివాళ్ళు గంట కొట్టి, కావలసింది చెప్పి, డబ్బులు అందులో పెడితే లోపలివాళ్ళు దాన్ని గిర్రున తిప్పుతారు. డబ్బులు లోపలికి పోతాయి, సబ్బులు బయటికొస్తాయి. ఇటువాళ్ళ మొహం అటువాళ్ళకి కనపడదు, అటువాళ్ళ మొహం ఇటువాళ్ళకీ కనపడదు. గడప దాటకుండా ప్రార్థనలోనూ పనిలోనూ బతుకు గడుపుతామని మాట ఇచ్చిన సిస్టర్ల మఠం అది. చుట్టుపక్కలవాళ్ళు ఆ చెక్క అరని చక్రం అంటారు.

చక్రం వెనకనుంచి చిన్న నవ్వు వినిపించింది.

“మిగిలుంటే ముందు నా నాలుక కాలేది తల్లీ.”

“నాలుకా?”

“మరి? వంట చేసినమ్మ ఉప్పు చూడకుండా వడ్డిస్తుందా? ప్రతి వాయీ నేను రుచి చూశాకే బయటికొస్తుంది. తడి వేలు సబ్బుకి రాసి నాలుక్కి తాకిస్తా. సోడా మిగిలితే చురుక్కుమంటుంది, బ్యాటరీ నాకినట్టు. మిగలకపోతే వట్టి సబ్బు రుచే. అదీ అంత కమ్మగా ఏం ఉండదులే.”

అడిగినామె భుజం మీద నెలల పాప ఉంది. పాప బుగ్గలు, మోచేతుల మడతలు, మెడ కింద చర్మం ఎర్రగా కంది, అక్కడక్కడా పగిలాయి. రంగూ వాసనా లేని సబ్బే వాడమని డాక్టరు చెప్పాడు. పాప తల్లి రసాయనశాస్త్రం చదువుకుంది. కడుపుతో ఉన్నప్పుడు మానేసిందిగానీ, అంతవరకూ నీళ్ళ పరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం. నూనెలో కాస్టిక్ సోడా కలిస్తేనే సబ్బవుతుందని, పాళ్ళు తప్పితే మిగిలిన సోడా ఆ సబ్బులోనే నక్కి ఉంటుందని ఆమెకు తెలుసు. తెలిసినకొద్దీ భయాలు పెరిగాయే తప్ప తగ్గలేదు.

ఆమెను అక్కడికి లాక్కొచ్చింది అత్తగారు. ఆవిడ ఒంటి సబ్బూ బట్టల సబ్బూ ఏళ్ళతరబడి చక్రం దగ్గరే కొంటోంది. ఎందుకంటే చెప్పడానికి ఆవిడ దగ్గర ఒకటే మాట.

“బజార్లో కొంటే ఆ డబ్బు ఎవడి జేబులోకి పోతుందో తెలీదు. ఇక్కడ కొంటే లోపల ఆరుగురు నాలుగు మెతుకులు తింటారు. ఎలాగూ స్నానం చెయ్యక తప్పదు కదా అమ్మాయ్, పనిలో పనిగా కాస్త పుణ్యం కూడా ఒంటికి రాసుకుంటే పోలా?”

ఇంటికెళ్ళాక పాప తల్లి ఆ సబ్బుని తడిపి, క్షారం ఎంతుందో రంగులో చూపే పీహెచ్ కాగితం అద్దింది. కాగితం ఆకుపచ్చకీ నీలానికీ మధ్యలో ఆగింది. మంచి సబ్బుకి ఉండాల్సిన రంగే.

“పాసయిందా ఇన్‌స్పెక్టరమ్మా?” అన్నాడు భర్త. అతను ఇళ్ళకి కరెంటు లైన్లు వేస్తాడు.

“ఈసారికి పాసయింది.”

“ఆ కాగితం నాకూ ఒకసారి అద్ది చూడరాదూ? పాప దగ్గరికి రానివ్వడానికి పనికొస్తానేమో.”

ఆమె నవ్వలేదు. పాప పుట్టిన కొత్తలో అతను నీళ్ళు పోస్తుంటే ముక్కులోకి పోయి పాప ఉక్కిరిబిక్కిరైంది. ఆ రోజు నుంచి స్నానం, పాలు, నిద్ర, మందు అన్నీ ఆమె చేతి మీదే. అతనూ అలవాటు పడిపోయి, దూరంగా నిలబడి జోకులేసేవాడు.

కొన్నాళ్ళకి పాప ఒంటి మీది ఎరుపు తగ్గుముఖం పట్టింది. అయినా ఆమె కొత్త సబ్బు విప్పినప్పుడల్లా కాగితం అద్దకుండా నీళ్ళలో పెట్టేది కాదు. సబ్బు అయిపోకపోయినా మఠానికి వెళ్ళేది. ఇంట్లో చెబితే నవ్వుతారని దాచుకున్న భయాలన్నీ అక్కడ చెప్పుకునేది. గోడకి చెప్పుకున్నట్టే ఉండేది, కాకపోతే ఈ గోడ జవాబిచ్చేది.

“సిస్టర్, మధ్యాహ్నం పాప మరీ చప్పుడు లేకుండా పడుకుంది. ఊపిరి ఆడుతోందో లేదోనని లేపి చూశా.”

“లేచిందా?”

“లేచి ఏడ్చింది.”

“ఊపిరున్నట్టేగా? మళ్ళీ పడుకోబెట్టడానికి నీ ఊపిరి ఎంత పోయింది?”

ఆ గొంతు తన కథ కూడా ముక్కలు ముక్కలుగా చెప్పింది. తండ్రికి బస్టాండు పక్కన క్షవరాల దుకాణం. తల్లి లేదు. అన్నదమ్ముల మధ్య ఒక్కతే ఆడపిల్ల. గిన్నెలో నురగ కలపడం, కత్తిని తోలుపట్టీ మీద నూరడం ఆటల్లోనే వచ్చేశాయి. మఠంలో చేరతానని చెప్పిన రోజు తండ్రి ఎవరికో గడ్డం గీస్తున్నాడట. చేతిలో కత్తి చేతిలోనే ఉండిపోయి, కళ్ళమ్మట నీళ్ళు కారాయట.

“కుర్చీలో ఉన్నాయన ఒక చెంప గీయించుకుని, రెండో చెంప నిండా నురగతో, ‘ఏడిస్తే ఏడిచావుగానీ ఈ చెంప కూడా కానిచ్చి ఏడవ్వయ్యా’ అన్నాడు” అని చెప్పి ఆవిడ గోడ వెనక పడీపడీ నవ్వింది. తండ్రి పోయినప్పుడు ఆవిడ వెళ్ళలేదు. అప్పటి నియమం అలాంటిది.

మఠంలో అడుగుపెట్టిన రోజు “నీకేం పనొచ్చు?” అంటే “నురగ తీయడం వచ్చు” అందట. తీసుకెళ్ళి సబ్బుల గదిలో వేశారు. అక్కడ పని జరిగినంతసేపూ మాట్లాడకూడదు. గది చూసుకునే పెద్ద సిస్టరు అన్నీ సైగలతోనే నేర్పేది. సబ్బుల అచ్చుల ముందు నిలబెట్టి, ఈ కొత్తపిల్ల మొహంలోకి చూస్తూ నాలుక చాపింది. వెక్కిరిస్తోందనుకుని ఈ పిల్ల కూడా నాలుక చాపింది. ఆవిడ ఇంకా గట్టిగా చాపింది. ఈ పిల్లా తగ్గలేదు.

“చివరికి ఆవిడే వేలు సబ్బుకి రాసి నా నాలుక మీద పెట్టింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. ఆ వాయి చెడిందన్నమాట. అదీ నా మొదటి పాఠం.”

ఆ పెద్ద సిస్టరు పోయాక గది ఈవిడ చేతికొచ్చింది. తరవాత మనుషులు తగ్గిపోయి, చక్రం దగ్గర కూర్చునే పనీ ఈవిడకే వచ్చింది. “పొద్దుటంతా మిగుల్చుకున్న మాటలన్నీ ఇక్కడే ఖర్చుపెట్టేస్తా” అనేది. బయటివాళ్ళు సబ్బు సిస్టర్ అని పిలిచేవాళ్ళు.

ఒకప్పుడు ఆ మఠంలో భోజనాల బల్లలు చాలక వంతులుగా తినేవాళ్ళట. ఇప్పుడు ఆరుగురు. కొవ్వొత్తులు చేసే సిస్టరు చనిపోయి ఆ గది మూతబడింది. కుట్టుపని చేసే సిస్టరుకి చూపు మందగించి ఆ గదీ మూతబడింది. మిగిలింది సబ్బులే. మఠాల పెద్దలు వచ్చి, మీ కష్టం మీద మీరు బతకగలిగినన్నాళ్ళు ఇక్కడే ఉండండి, ఆ తరవాత తలో చోటికీ పంపక తప్పదని చెప్పి వెళ్ళారు.

“సబ్బుంటే మేమున్నట్టు తల్లీ. వీళ్ళందరి దగ్గూ నాకు తెలుసు. మెట్లెక్కుతున్నదెవరో అడుగు చప్పుడు విని చెప్తా. ఈ వయసులో కొత్త దగ్గులు నేర్చుకోమంటే నావల్ల అవుతుందా?”

ఆ మాట విన్నాక పాప తల్లి ఊరుకోలేదు. పక్కింటివాళ్ళకీ, పాత ల్యాబులో స్నేహితులకీ చెప్పి కొనిపించింది. పెళ్ళిళ్ళకి వెళ్ళినా సబ్బులే కానుక. “పెళ్ళికొడుకు ఒంటి మీద ఇంత మురికుందని అందరికీ చెప్పాలా?” అని భర్త తల బాదుకునేవాడు. అత్తగారు మాత్రం కోడలిని చూసి మురిసిపోయేది.

ఒకరోజు చక్రం వెనక గొంతు వేరేలా వినిపించింది. మాటలు చివర్లో జారిపోతున్నాయి.

“కొత్త పళ్ళసెట్టు తల్లీ. నోట్లో కుదురుకోలేదింకా” అంది సబ్బు సిస్టర్.

ఆమె నమ్మింది. అన్నిటికీ భయపడే మనిషి దానికి భయపడలేదు.

కొన్ని వారాల తరవాత ఒక సాయంత్రం టబ్బులో నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. బట్టలు విప్పిన పాప తువ్వాలు మీద కాళ్ళాడిస్తూ కేరింతలు కొడుతోంది. ఆమె కొత్త సబ్బు విప్పి, తడిపి, అలవాటుగా కాగితం అద్దింది. కాగితం ముదురు ఊదాకి తిరిగింది. ఇంకో కాగితం అద్దింది. ఇంకో సబ్బు విప్పి, మధ్యకి కోసి, లోపల అద్దింది. అదే రంగు. ఆమె పాపని తువ్వాలులో చుట్టి ఎత్తుకుని, ఆ కాగితాలు ఇంట్లోవాళ్ళకి చూపించింది.

“ఒక్క వాయి తప్పితే తప్పింది, పారేసి ఊరుకో” అంది అత్తగారు. “నువ్వు నోరు విప్పావంటే ఆ గది మూతబడుతుంది. ఆరుగురు ముసలివాళ్ళు చెట్టుకొకరూ పుట్టకొకరూ అయిపోతారు.”

“ఇదే వాయి ఇంకెన్ని ఇళ్ళకి వెళ్ళిందో అత్తయ్యా. ఆ ఇళ్ళల్లో పిల్లలుంటే?”

భర్తే అన్నాడు:

“నేను లైను వేసిన ఇంట్లో వైరు తేలిందని తెలిస్తే, ఇంటాయన మంచివాడు కదా అని ఊరుకుంటానా అమ్మా? పొద్దున్నే వెళ్ళమను.”

పొద్దున్నే వెళ్ళింది. ఆ సబ్బునీ, ఊదారంగు కాగితాన్నీ పక్కపక్కన పెట్టింది. చక్రం తిరిగింది.

“ఈ రంగేంటమ్మా?”

“ఉండకూడని రంగు సిస్టర్. సోడా మిగిలిపోయింది. మీరు రుచి చూశారా?”

“చూశాను.”

“చురుక్కుమనలేదా?”

“చురుక్కుమనడం మానేసి చాలా రోజులైంది తల్లీ.”

ఒకరోజు పొద్దున్నే లేచి టీ తాగుతుంటే సగం నాలుకకే వేడి తెలిసిందట. టీ పెదవి పక్కనుంచి కారిపోయిందట. కుడిచెయ్యి మొద్దుబారింది. కాసేపటికి చెయ్యి కొంచెం కుదుటపడింది, నాలుక పడలేదు.

“మరి పళ్ళసెట్టు అన్నారు?”

“ఉన్నది పాతదే. దేవుడి ఇంట్లో కూర్చుని అబద్ధమాడాను. చెబితే నన్ను ఆ గదిలోంచి తీసేస్తారు. నేను లేకపోతే సబ్బు లేదు, సబ్బు లేకపోతే ఇల్లు లేదు. మిగిలిన సగం నాలుకతో నెట్టుకొద్దామనుకున్నా. తరవాత అదీ మొద్దుబారింది. తూకం పట్టే చెయ్యి కూడా నా మాట వినడం లేదు. అయినా ప్రతిసారీ వేలు నాలుక్కి తాకిస్తూనే ఉన్నా. చూడటం లేదు, చూసినట్టు నటిస్తున్నా, అంతే. నాకు తెలుస్తూనే ఉంది.”

ఉన్నట్టుండి ఆ గొంతు చక్రానికి దగ్గరగా వచ్చింది. “పాపకి రాశావా?”

“లేదు సిస్టర్. రాయలేదు.”

లోపల ఆవిడ ఏడుస్తున్న చప్పుడు వినపడింది. ఇవతల ఈమె చెక్క మీద చెయ్యి వేసి నిలబడింది. అంతకుమించి చేయగలిగింది లేదు. ఏడుపు ఆగాక సబ్బు సిస్టర్ ముక్కు చీదుకుని, “ఇంకా ఎవరెవరు తీసుకెళ్ళారో చెప్తా, ఆ సబ్బులు వెనక్కి తెచ్చిపెట్టగలవా? కాకపోతే మొహాలు తెలియవు, పేర్లు నేనడగను. నాకు గొంతులే తెలుసు” అంది.

ప్రతి మాటకీ ముందు గొంతు సవరించుకునే ఒకాయన. ‘ఏం సిస్టర్, ఉన్నారా పోయారా’ అని పలకరించే దర్జీ. ఫోన్లో ఎవరితోనో పోట్లాడుతూ వచ్చి, పోట్లాడుతూనే పోయే అమ్మాయి. పిల్లికి స్నానం చేయించడానికి సబ్బు కొనే ముసలావిడ.

ఇవి పట్టుకుని ఊళ్ళో మనుషుల్ని ఎలా వెతకాలో పాప తల్లికి తోచలేదు. అత్తగారికి చెప్పగానే ఆవిడ చెప్పులేసుకుంది.

“పిల్లికి సబ్బా? మా వీధి చివరి మేడమీదావిడ. గొంతు సవరించుకునేది రిటైరైన లెక్కల మాస్టారు. పద.”

ఆ రోజంతా అత్తాకోడళ్ళు ఇల్లిల్లూ తిరిగారు. దర్జీ అప్పటికే ఆ సబ్బు వాడాడు. అరచేతులు పొట్టు లేచి, వేళ్ళ సందులు పగిలాయి. జరిగింది చెబితే అంతా విని, “నా చేతులకేం, మానతాయి. ఆవిడకి ప్రమాదం ఏమీ లేదు కదా?” అని అడిగాడు. ఫోను అమ్మాయి బీరువా తలుపు తీస్తే విప్పని సబ్బులు వరసగా పేర్చి ఉన్నాయి. “నాకు వాసన లేని సబ్బు పడదండీ. ఊరికే కొంటుంటా” అంది సిగ్గుపడుతూ. అందరివీ తిరిగొచ్చాయి. పిల్లి కూడా క్షేమమే.

ఆ తరవాత వెళ్ళినప్పుడు చక్రం వెనక గొంతు మారింది. మఠానికి పెద్ద అయిన మదర్ కూర్చుంది. సబ్బు సిస్టర్ తానే వెళ్ళి అంతా ఒప్పుకుందట. డాక్టర్ని పిలిపించారు. మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చిందట, ఆ తరవాత మళ్ళీ మళ్ళీ వచ్చిందట. మొదటి రోజే చెప్పి ఉంటే మందులతో చాలావరకు ఆపగలిగేవాణ్ణని అన్నాడట. ఇప్పుడు కుడిచెయ్యి పూర్తిగా పడిపోయింది.

పాప తల్లి దారి పొడవునా కూడగట్టుకున్న మాట చెప్పింది. “నేను ప్రతి వాయీ కాగితం పెట్టి చూస్తాను మదర్. డబ్బులేమీ వద్దు. సబ్బులు ఆపకండి.”

“కాగితం రంగు చెబుతుందమ్మా. కలిపేదెవరు?” అంది మదర్. “మా మిగతా ఐదుగురివీ ఆ బరువు తిప్పగలిగే చేతులు కావు. ఆవిడ ఎవరికీ నేర్పలేదు. నేర్పమని మేమూ అడగలేదు. అందరం ఆవిడ నాలుకని నమ్ముకుని కూర్చున్నాం.”

మఠం మూసేరోజు తెల్లటి వ్యాను వచ్చి ఆగింది. ఎప్పుడూ మూసి ఉండే పెద్ద తలుపు తెరిచారు. కొనుక్కునేవాళ్ళంతా వీధిలో నిలబడ్డారు. సిస్టర్లు ఎండకి కళ్ళు చికిలిస్తూ ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని బయటికొచ్చారు. పాప తల్లి ఆ గొంతుకి తగ్గ మనిషి కోసం వెతికింది. ఎత్తుగా, ఒడ్డూ పొడుగూ ఉంటుందని ఇన్నాళ్ళూ ఊహించుకుంది. అలాంటివాళ్ళెవరూ లేరు. చక్రాల కుర్చీలో పిట్టంత మనిషి, నోరు ఒక పక్కకి లాగేసి, ఒళ్ళో పడి ఉన్న కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని కూర్చుంది.

“ఇదేనా నా పాప?” అంది. మాట ముద్దగా వచ్చింది, గొంతు అదే. “ఏడుపే విన్నానమ్మా ఇన్నాళ్ళూ.”

ఎడంచేతి వేలితో పాప బుగ్గ తాకింది. బుగ్గ నున్నగా ఉంది. మిగతావాళ్ళు ముగ్గురు ఒకచోటికి, ఇద్దరు ఇంకోచోటికి వెళ్తున్నారు. ఈవిడ ఒక్కతే, రోగుల్ని చూసుకునే వేరే మఠానికి. ఆవిడ శాలువా కొసని ఒక ముసలి సిస్టరు పట్టుకుంది. వ్యాను డ్రైవరు రెండుసార్లు చెప్పినా వదల్లేదు.

“ఆరోజు నేను ఆ కాగితం తేకుండా ఉండాల్సింది” అంది పాప తల్లి.

“తేకపోతే ఏ బిడ్డ ఒళ్ళు కాలిపోయేదో? ఆ మాట ఇంకెప్పుడూ అనకు.” సబ్బు సిస్టర్ ఆయాసం తీర్చుకుని, “అదిసరే, పాపకి నీళ్ళెవరు పోస్తారు?” అంది.

“నేనే.”

“నీకు జ్వరమొస్తే?”

“అప్పుడూ నేనే.”

సంచులు వ్యానులోకి ఎక్కిస్తున్న భర్త ఆగి నేలకేసి చూశాడు. సబ్బు సిస్టర్ అతని వైపొకసారి చూసి, ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

“నేనూ అంతే తల్లీ. నాకే వచ్చు, నేనే చూడాలి అనుకున్నా. చివరికి నాకు చేతకావడం లేదని చెప్పుకోవడానికి పక్కన రెండో మనిషి లేకుండా చేసుకున్నా. నువ్వలా చేసుకోకు. రేపట్నుంచి నీళ్ళు మీ ఆయన పోస్తాడు. తప్పు పోస్తే పోస్తాడు, నేర్చుకుంటాడు. నువ్వు తలుపు బయట కూర్చో. భయమేస్తే భయమేస్తోందని పైకి అను, అతనికి వినపడేలా. అంతేగానీ లేచి తలుపు తీయకు.”

వ్యాను మలుపు తిరిగాక కూడా వీధిలో ఎవరూ కదల్లేదు. అత్తగారు ఇప్పుడు బజారు సబ్బే కొంటోంది. నురగ బాగానే వస్తోందంటుంది, సబ్బు కేసి చూడకుండా.

పాపకి నీళ్ళు తండ్రే పోస్తున్నాడు. ఆమె బయట పీట మీద కూర్చుంటుంది. లోపల నీళ్ళు పడిన చప్పుడు, వెంటనే పాప దగ్గు.

“ఏమండీ, నాకు భయమేస్తోంది” అంటుంది గట్టిగా.

“వినపడింది. ముక్కులోకి పోలేదు. భుజం మీద వేసుకున్నా” అంటాడు లోపల్నుంచి.

ఆమె లేవదు.